ఎర్మత్ గారి పెరట్లో పిలవని చుట్టాలు

ఎర్మత్ గారి పెరట్లో దానంతటది మొలిచిన మొక్కను పీకే హక్కు ఎవరికీ ఉండేది కాదు. ఇంటి ఇల్లాలికి లేదు, కన్నకొడుక్కి లేదు, పొరుగింటి మేకకైతే అసలే లేదు. "మనం పిలిచామా? లేదు. తనే వచ్చింది. వచ్చినవాళ్ళని ఎప్పుడు వెళ్తారని అడిగే వంశమా మనది?" అనేవారు ఆయన.

రిష్తాన్ ఊళ్ళో కుండలు చేసేవాళ్ళ పేటలో ఉండేది ఆ ఇల్లు. గాలికీ పిట్టలకూ వేరే పని లేనట్టు, పేటలోని విత్తనాలన్నీ మోసుకొచ్చి ఆ పెరట్లోనే దించేవి. మల్బరీ, చెర్రీ, అక్రోటు, ఖుబానీ, పేరు తెలియనివి ఇంకెన్నో. రొట్టెల పొయ్యి పక్కన ఒకటి, మెట్ల సందులో ఒకటి. ఓ మల్బరీ అయితే సరాసరి సైకిలు చక్రం ఊచల మధ్య నుంచే పైకి లేచింది. కదిపితే విరుగుతుందని సైకిలును అక్కడే వదిలేసి, ఎర్మత్ గారు బజారుకు నడిచి వెళ్ళడం మొదలుపెట్టారు.

తెల్లారకముందే లేచి పెరడు ఊడవడం కోడలి పని. కోడలు సబోహత్ ఊడుస్తుంటే కురుపులున్న పిల్లాడికి తల దువ్వుతున్నట్టు ఉండేది. వెనకాలే మామగారు.

"కాస్త ఎడంగా తల్లీ. అది నిన్ననే వచ్చింది, ఇంకా బెరుకు తీరలేదు."

ఇప్పటికీ చీపురు పట్టుకుంటే సబోహత్‌కు ఆ గొంతే వినిపిస్తుంది. నీళ్ళు పోయడం కూడా ఆయనే చేసేవారు, టీ గిన్నెతో, అదీ సగానికే.

"నిండా పోయొచ్చుగా మామయ్యా?"

"మన దగ్గర చుట్టానికి టీ గిన్నె నిండా పోసి ఇస్తే ఇక బయల్దేరమని కాదూ? నొచ్చుకుంటాయి."

అత్తగారు కుమ్రి గడప మీద కూర్చుని దెప్పేది. "కన్నకొడుక్కి దాహమేస్తోందా అని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు ఈ మనిషి. ముసలితనంలో వచ్చిందమ్మా పిచ్చి."

ఇలా సాగుతుండగా ఆడపడుచు నిగోరాకు పెళ్ళి కుదిరింది. పెళ్ళినాడు పొద్దున్నే పేటలోని మగాళ్ళందరికీ పలావు పెట్టాలి. పేట పెద్ద ఖాదిర్ వచ్చి డేగిసా ఎక్కడ పెట్టాలి, బల్లలెక్కడ వేయాలి అని పెరడంతా చూశాడు. అడుగు వేయబోయిన ప్రతిచోటా ఎర్మత్ గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఒరేయ్ ఎర్మత్, పెళ్ళికి నీ చుట్టాలు ముందే వచ్చి కూర్చున్నారు. ఇక మేమెక్కడ కూర్చుంటాం? మా పెరట్లో కానిచ్చేద్దాం పద" అన్నాడు ఖాదిర్.

సొంతిల్లు ఉండగా పిల్లను పరాయి గడపలోంచి సాగనంపడమా? నిగోరా ఏడుపు లంకించుకుంది. సబోహత్‌కు తల కొట్టేసినట్టయింది. పెరడు చూసే కదా కోడలికి మార్కులు వేస్తారు. పెళ్ళికి వాకిలి సిద్ధం చేయలేకపోయిన కోడలని రేపు ఊరంతా అనేది ఆమెనే.

మర్నాడు ఆమె చీపురు వదిలి పార అందుకుంది. ఎర్మత్ గారు ఎదురొచ్చి నిలబడ్డారు.

"తప్పుకోండి మామయ్యా. తిడితే తిట్టండి. నిగోరా ఈ గడపలోంచే వెళ్ళాలి."

ఆయన తిట్టలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "సరే. నీది ఏదో చూపించు. మిగతావన్నీ నేనే పీకేస్తా."

"నాదేమిటి?"

"నువ్వు కొత్తగా వచ్చినప్పుడు మీ నాన్న ఇస్ఫారా నుంచి ఖుబానీ బుట్ట పంపాడు చూడు. ఓరోజు పొయ్యి వెనక కూర్చుని ఆ గింజలు పాతిపెడుతున్నావు. కళ్ళనిండా నీళ్ళు. చూసి వెనక్కి వెళ్ళిపోయా. పుట్టింటి చెట్టు పెంచుకుంటోంది పిల్ల, పెంచుకోనీ అనుకున్నా. తీరా వసంతం వచ్చేసరికి పెరడంతా మొలకలే. బతుకంతా కుండలు చేసినవాణ్ణి, ఏది ఏ మొక్కో నాకేం తెలుసు? అడిగితే నువ్వు సిగ్గుపడతావు. పొరపాటున నీదే పీకేస్తే? అందుకని అన్నీ ఉంచేశా. లేకపోతే ఇంట్లో అడవి పెంచడం నాకేమన్నా సరదా అనుకున్నావా?"

సబోహత్ పార కింద పెట్టేసింది. జరిగింది వేరు. కొత్తకోడలన్నాక అత్తింట్లో పిట్టలా తినాలి. ఆరోజు ఆకలికి తాళలేక తను గుప్పెడు పళ్ళు పట్టుకెళ్ళి పొయ్యి వెనక మింగుతుంటే అడుగుల చప్పుడైంది. పండు గొంతుకు అడ్డం పడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గింజలు కనబడితే పరువు పోతుందని గబగబా మట్టి కప్పేసింది. ఆ సంగతి ఆ వారమే మర్చిపోయింది. ఈయన మూడేళ్ళుగా కాపలా కాస్తున్నారు. ఆయన మీద ఆమెకు కన్నతండ్రి మీద ఉన్నంత ప్రేమ పుట్టుకొచ్చింది. నిజం చెప్పబోయి, ఆయన మొహం చూసి ఆ మాట మింగేసింది.

పొయ్యి దగ్గర నిటారుగా ఉన్న ఓ ఖుబానీ మొక్కను చూపించి, "ఇదే మామయ్యా" అంది.

ఎర్మత్ గారు చొక్కా చేతులు మడిచారు. ఒక్కో మొక్కా పీకుతూ, ఇన్నాళ్ళ కసి తీర్చుకుంటూ, మధ్యాహ్నానికల్లా పెరడు నున్నగా చేసేశారు. ఆ ఒక్క మొక్క చుట్టూ బల్లలు వేసి పలావు వడ్డించారు. నిగోరా సొంత గడపలోంచే అత్తారింటికి వెళ్ళింది.

రెండేళ్ళకు ఆ చెట్టు కాసింది. గోలీల్లాంటి కాయలు, పరమ పులుపు. తొలి పండు ఎర్మత్ గారే కొరికారు. మొహమంతా ముడుచుకుపోయినా ఉమ్మేయకుండా నమిలి మింగారు. కోడలి తల మీద చెయ్యి వేసి నిట్టూర్చారు.

"ఆరోజు నీకు కళ్ళల్లో నీళ్ళు ఎందుకొచ్చాయో ఇప్పుడు తెలిసిందే తల్లీ."

"అవును మామయ్యా" అంది సబోహత్, ఇంకో పండు కోసుకుంటూ.