తొమ్మిదో నంబరు మిషను

ముప్పై ఏళ్లు కావస్తోంది, ఒక చీటీ బరువు మోస్తున్నాను. అరచేతిలో పట్టేంత కాగితం ముక్క, దాని మీద ఒక హాల్‌టికెట్ నంబరు. అంతే. నవ్వకండి. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

చర్చిలో నెలకోసారి ప్రభు భోజనమని రొట్టె ఇచ్చే ముందు, ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే మొదట వెళ్లి వాళ్లతో సమాధానపడండి అంటారు పాస్టరుగారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను తల దించుకుంటాను. దించుకునే రొట్టె తీసుకుంటాను. ఇన్నేళ్లూ తీసుకుంటూనే ఉన్నాను. ఏం ధైర్యమో అది!

అప్పట్లో మేము బాలానగర్‌లో ఉండేవాళ్లం. మా నాన్న ఫ్యాక్టరీ పనికని కోస్తా నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డారు. ఇంటర్ అయ్యాక నన్ను టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్చారు. రేకుల షెడ్డు, పది మిషన్లు, ఒక సార్. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా నాలుగో నంబరు మిషను నాది. ఏడు నుంచి ఎనిమిది దాకా అదే మిషను భాగ్యది. నేను మిషను ముందు నుంచి లేచేసరికి తలుపు దగ్గర నిలబడి ఉండేది. అలా స్నేహం కలిసింది. సార్ మొదటి రోజే ఒక నియమం చెప్పేవారు. చూపు కొట్టాల్సిన మాటర్ మీదే ఉండాలి. వేళ్ల మీద కాదు, మిషన్లో ఉన్న కాగితం మీద అసలే కాదు. తల ఎత్తితే స్కేలుతో బల్ల మీద ఠపీమని కొట్టేవారు. నా బల్ల రోజూ మోగేది. భాగ్య మాత్రం ఒక్కసారీ తల ఎత్తగా చూడలేదు.

ఎత్తకూడదు ఆమె. వాళ్ల నాన్న ఫ్యాక్టరీలో పనిచేస్తూ చనిపోయాడు. టైపు లోయర్ పరీక్ష పాసైతే ఆ ఫ్యాక్టరీ ఆఫీసులోనే టైపిస్టుగా తీసుకుంటామని మేనేజరు మాటిచ్చాడు. అదీ ఈ పరీక్ష దాకానే. తప్పితే ఆ కుర్చీ ఇంకొకరిది. ఇంట్లో తల్లి, ఇద్దరు చెల్లెళ్లు. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే అదృష్టం కూడా నాకు లేదు.

ఆ రోజుల్లో పరీక్షకు మిషను ఇన్‌స్టిట్యూట్ నుంచే వెళ్లేది. ముందు రోజు సాయంత్రం ఎవరి మిషను మీద వాళ్ల హాల్‌టికెట్ నంబరు చీటీ అంటించి, కవరు తొడిగి, రిక్షా బండి మీద కట్టి సెంటరుకు పంపేవారు. భాగ్యకూ నాకూ ఒకే బ్యాచ్‌లో పరీక్ష పడింది. సార్ నాలుగో నంబరు భాగ్యకిచ్చారు. నాకు తొమ్మిది. కాగితాన్ని మోస్తూ జరిగే దాని క్యారేజి ఉన్నట్టుండి మొరాయించేది. కీ కొట్టినా ముందుకు జరగదు, అక్షరం మీద అక్షరం పడుతుంది. లైను మార్చినప్పుడల్లా కుడివైపు చివరిదాకా గట్టిగా తోసెయ్యమ్మా, ఇక ఆగదు, నువ్వు గడుసుదానివి, నడిపిస్తావు అన్నారు సార్. అది మెచ్చుకోలు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

తాడు తేవడానికి సార్ బయటికి వెళ్లారు. జిగురు ఇంకా ఆరలేదు. రెండు చీటీలూ ఊడదీసి, అటుది ఇటు, ఇటుది అటు అంటించాను. సార్ వచ్చి కవర్లు తొడిగేశారు.

ఎందుకు చేశాను? నా కోసం ఏ ఉద్యోగమూ కాచుకుని లేదు. మా నాన్న జీతం నెలనెలా వస్తూనే ఉంది. నాకు ఫస్టు క్లాసు కావాలి. భాగ్యకంటే ఎక్కువ మార్కులు కావాలి. ఇంతేనా? ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నా ఇంతకంటే పెద్ద కారణం దొరకలేదు. దొరికితే కాస్త గౌరవంగా ఉండేదేమో.

మర్నాడు హాల్లో కవరు తీసి భాగ్య నా వైపు తిరిగింది.

"గిదేందే, తొమ్మిది నాకొచ్చింది?"

"సారే మార్చారట."

"నాలుగు నాకిస్తనన్నడు గద?"

"ఏమో, నాకేం తెలుసు? బాగానే నడుస్తుందిలే, కొట్టు."

నా మొహంలోకి చూసింది. "నువ్వు చెప్తున్నవ్ గద, సరే తియ్" అంది.

గట్టిగా తోసెయ్యవే, ఆగదు. ఈ ఒక్క మాట అప్పుడైనా చెప్పొచ్చు. నాలుక చివర దాకా వచ్చింది. గంట కొట్టారు.

సార్ నేర్పినట్టే, ఆమె తల ఎత్తకుండా కొట్టింది. తల ఎత్తే అలవాటున్న నాలాంటిదైతే రెండో లైనులోనే కనిపెట్టేది. అక్షరాల మీద అక్షరాలు పడ్డాయని ఆమె కాగితం బయటికి లాగాకే చూసుకుంది. ఏడవలేదు. కవరు జాగ్రత్తగా తొడిగి వెళ్లిపోయింది.

నాకు ఫస్టు క్లాసు వచ్చింది. ఆమె తప్పింది. మళ్లీ ఇన్‌స్టిట్యూట్ గడప తొక్కలేదు. భాగ్య ఎందుకు రావట్లేదమ్మా అని సార్ నన్ను రెండుసార్లు అడిగారు. తెలీదు సార్ అన్నాను. ఫ్యాక్టరీ వాళ్లు ఆమెను ప్యాకింగులో వేసుకున్నారట. కొన్నేళ్లకు ఆ ఫ్యాక్టరీ కూడా మూతపడింది.

ఇప్పుడు నేను రాయదుర్గంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డాక్యుమెంట్లు చూస్తాను. రెండు నెలల కిందట మా క్యాంటీన్ బిల్లింగ్ కౌంటరు దగ్గర భాగ్య కనిపించింది. కీల వైపు చూడకుండా, పది వేళ్లతో బిల్లు కొడుతోంది. వేళ్లను చూసే గుర్తుపట్టాను. నలుగురిలో మేడం అంటుంది, ఎవరూ లేకపోతే పేరు పెట్టి పిలుస్తుంది.

మొన్న ఆ క్యాంటీన్లోనే ఒక మూల పాత టైపు మిషను పెట్టారు, ఫొటోలు దిగడానికి. మా టీమ్ పిల్లలు నన్ను లాక్కెళ్లి కూర్చోబెట్టారు. వేళ్లు వాటంతటవే ఏ ఎస్ డి ఎఫ్ కీల మీదికి వెళ్లాయి. నాలుగు అక్షరాలు కొట్టానో లేదో క్యారేజి ఆగిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్లు వెళ్లాక భాగ్య నా దగ్గరికి వచ్చింది.

"యాదికున్నదా? ఆ సార్ నా నోట్ల మట్టి కొట్టిండు. సచ్చిపోయిండని తెల్సినా పోలే నేను. చాయ్ తాగుతవా?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. చాయ్ తాగాను.

ఒక ఉద్యోగం పోగొట్టాననే ఇన్నాళ్లూ అనుకున్నాను. అది చాలదన్నట్టు, ఆమె కోసం మంచి మిషను ఎంచి పక్కన పెట్టిన మనిషిని ఆమెకు శత్రువును చేశాను. ఆయన మీద కోపంతో ఆమె ఇన్నేళ్లు బతికింది. ఆయన మాత్రం ఆమె ఎందుకు రావట్లేదో తెలియకుండానే పోయారు.

రోజూ చాయ్ వేళకు చెప్పాలనే వెళ్తాను. కప్పు చేతికిచ్చి నవ్వుతుంది. తిరిగొచ్చేస్తాను. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. చెప్పాక ఆమె క్షమిస్తుందనీ అనుకోను. నేనైతే క్షమించను.

ఒక్క వాక్యం మాత్రం ఇప్పుడు కళ్లు మూసుకుని కొట్టాను. ముప్పై ఏళ్లలో మొదటిసారి. కళ్లు తెరిచి చదివాను.

చీటీలు మార్చింది సార్ కాదు భాగ్యా, నేను.

చెరపలేదు.