కిటికీలోంచి రుమాలు

అవి వైటుకే రోజులు. వారమంతా సిడ్నీ ఆఫీసులో పాత ప్రోగ్రాముల తేదీలు సరిచేసి, శనివారం తెల్లారగానే రౌస్ హిల్ ఇంటినుంచి రైలు షెడ్డుకి పరిగెత్తేదాన్ని. అక్కడ వాలంటీర్లందరం కలిసి ఒక పాతకాలపు చెక్క బోగీని బాగుచేస్తున్నాం. సీట్లు రుద్ది వార్నిష్ వెయ్యడం నా పని.

బోగీ పూర్తయ్యాక మొదటి ట్రయల్ మాకోసమే అన్నారు. తలుపు దగ్గర అందరూ గుమిగూడారు. నాకేమైందో, సంచీలోంచి రుమాలు తీసి, కిటికీలోంచి నేను వార్నిష్ వేసిన సీటు మీదికి విసిరేశాను. ముందుగా ఎక్కిన షెడ్డు పెద్దాయన, "ఈ మసిగుడ్డ ఎవరు వదిలేశారు?" అంటూ దాన్ని బయటికి గిరాటేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "అది మసిగుడ్డ కాదు, నా సీటు! మా రైళ్లలో కిటికీలోంచి రుమాలు ఎవరు వేస్తే సీటు వాళ్లదే. తీస్తే కొట్లాటే!" అని అరిచాను. పాపం, ఆయన కిందికి దిగి, రుమాలు దులిపి, మళ్లీ సీటు మీద పరిచి, సారీ చెప్పాడు.

మరుసటి శనివారం ఇంకో ట్రయల్. నేను కాస్త ఆలస్యంగా వెళ్లాను. చూస్తే ప్రతి కిటికీ సీటు మీదా ఉతికి మడతపెట్టిన మసిగుడ్డ! వేసినవాళ్లంతా ప్లాట్‌ఫాం మీద తాపీగా టీ తాగుతున్నారు.

"ఎవరివి ఇవన్నీ?" అన్నాను.

పెద్దాయన కప్పు దించకుండానే, "తీస్తే కొట్లాటే" అన్నాడు.

తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని, దారంతా నిలబడే వెళ్లాను. సిడ్నీ వచ్చాక నేను మా ఊరి రైలెక్కినట్టు అనిపించింది ఆ రోజే.