అనుకున్న మాట, అన్న మాట

మా ఫిలాసఫీ మేడమ్ గారు పోయారని మొన్న పొద్దున్న వాళ్ళ చెల్లెలు గారు ఫోన్ చేశారు. "నిద్రలోనే వెళ్ళిపోయిందమ్మా" అన్నారు.

రాజమండ్రిలో నేను డిగ్రీ చదివేటప్పుడు ఆవిడ మాకు పాఠం చెప్పేవారు. విద్యార్థులతో కూడా 'అండి' అనే మాట్లాడేవారు. మొదటి క్లాసులో నన్ను లేపి, "ఇప్పుడు మీరేం అనుకుంటున్నారండి?" అని అడిగారు. ద్రాక్షారామం బస్సు వెళ్ళిపోతుందేమోనని అనుకుంటున్నానన్నాను. "అలా అనుకుంటున్నట్టు మీకెలా తెలిసింది? లోపలికి తొంగి చూశారా, ఎవరైనా చెప్పారా?" క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. నిజంగానే జవాబు కోసం ఎదురుచూశారు.

మూడేళ్ళ కిందట ఆవిడకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కోలుకున్నాయి గానీ మాటలు తారుమారయ్యాయి. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు "గొడుగు కావాలి" అన్నారు. చెల్లెలు గారు గొడుగు తెచ్చిచ్చారు. ఆవిడ తల అడ్డంగా ఊపి, స్టవ్ మీది కాఫీ గిన్నె చూపించారు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. "మాట... దొరకలేదు. కానీ గొడుగు కాదని తెలుసు. ఎలా తెలిసిందండి?" అన్నారు ఆగి ఆగి.

ఆ ఏడాదే మెడలో రక్తనాళం పూడుకుపోతోందని ఆస్పత్రిలో చేర్చారు. ఆపరేషన్ చేయించుకుంటారా అని డాక్టరు గారు అడిగితే "చేయండి" అన్నారు. అంటూనే మొహం చిట్లించారు. చెల్లెలు గారు కంగారుపడిపోయారు. "అక్కా, అవునా, కాదా? నీ మనసులో ఏముందో మాకెలా తెలుస్తుందే?"

"మాటలొద్దు మేడమ్. ఏం కావాలో చూపించండి" అన్నాను నేను. ఆవిడ నా చేతిని తన మెడ దాకా తీసుకెళ్ళి, తోసేశారు. తరువాత లేచి, చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"ఆపరేషన్ వద్దు, ఇంటికెళ్ళిపోదామంటారా?"

గట్టిగా తలూపారు. మర్నాడు మళ్ళీ అడిగినా అంతే.

ఇంటికి వస్తుంటే ఆటోలో నా వైపు తిరిగి, "మీరు అన్నాక... నాకూ తెలిసింది. అదే అనుకున్నానని" అన్నారు. ఆ మాట మీద ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. అప్పటిదాకా ఆవిడకు తెలియదా? మన మనసు మనకు తెలియడానికి కూడా ఎదుటి మనిషి కావాలా?

మొన్న నేను వెళ్ళేసరికి ఆవిడను పడుకోబెట్టిన చోట పక్కనే కూర్చుని ఉన్న చెల్లెలు గారు అడిగారు, "ఆ రోజు ఆస్పత్రిలో మనం సరిగ్గానే అర్థం చేసుకున్నామంటావా?"

"అనుకుంటున్నానండి" అన్నాను. తెలుసని అనలేకపోయాను.

కిందటి నెల ఆవిడను ఆఖరిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆత్రేయపురం పూతరేకులు పట్టికెళ్ళాను. కాస్త తుంచి నోట్లో వేసుకుని ఆవిడ కళ్ళు మూసుకున్నారు. పేరు కోసం వెతుక్కుంటున్నారు. నేను అందించబోయాను. కళ్ళు తెరవకుండానే, చెప్పొద్దన్నట్టు వేలెత్తారు. పెదవికి అంటిన రేకు ముక్క మెల్లగా కరుగుతోంది. వేలు అలాగే ఉంది.