ఆశ్రమం డబ్బా

అమ్మ పోయాక నాతవరంలో ఉండబుద్ధి కాక అనకాపల్లి వచ్చి, కొత్తగా తెరిచిన ఒక సూపర్ మార్కెట్లో బిల్లు కౌంటరులో చేరాను. గవరపాలెంలో గది అద్దెకు తీసుకున్నాను. పగలంతా జనంతోనే గడిచేది కానీ, ఆ మాటలు "కవరు కావాలా?", "చిల్లర ఉందా?" దాటేవి కావు. గదికి వెళ్తే అవి కూడా ఉండేవి కావు.

కౌంటరు మీద ఒక ప్లాస్టిక్ డబ్బా ఉండేది. ఊరి చివర సిస్టర్లు నడిపే వృద్ధాశ్రమానిది. మిగిలిన చిల్లర ఇస్తూ, "ఆశ్రమానికి ఏమైనా వేస్తారా?" అని అడగమన్నారు ఓనరు. కొందరు వేసేవారు, కొందరు వినపడనట్టు వెళ్లిపోయేవారు.

ఒక మామ్మగారు రోజూ సాయంత్రం వచ్చేవారు. తెల్లచీర, గుడ్డసంచి. బిస్కెట్ ప్యాకెట్టో అగ్గిపెట్టో కొని, చిల్లర డబ్బాలో వేసి, వెనక ఎవరూ లేకపోతే కాసేపు నిలబడేవారు.

"అన్నం తిన్నావేటమ్మా? ఏటి కూర?"

ఆ ఊళ్లో నన్ను కూర గురించి అడిగింది ఆవిడొక్కరే. వండుకోని రోజున కూడా వంకాయ అనో బెండకాయ అనో చెప్పేసేదాన్ని. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. చెల్లెలితో కలిసి చర్చి వెనక వీధిలో ఉండేవారు.

వానాకాలంలో రావడం మానేశారు. కొన్నాళ్లు చూసి ఆ వీధికి వెళ్లాను. వాళ్ల గదికి తాళం.

"సెల్లెలు పోయిందమ్మా. తరవాత ఈవిణ్ణి ఎవరో వచ్చి తీసుకెళ్లేరు," అంది పక్కింటావిడ.

క్రిస్మస్ ముందు డబ్బా నిండింది. ఆశ్రమంలో ఇచ్చి రమ్మని ఓనరు నన్ను ఆటోలో పంపారు. వరండాలో బల్ల మీద కూర్చుని మామ్మగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. ముందు డబ్బాని చూశారు, తర్వాత నన్ను.

"ఓలమ్మా, నువ్వా!"

"చెప్పకుండా వచ్చేసేరేటి మామ్మగారూ?"

"ఏటని సెప్పను తల్లీ? రోజూ ఆ డబ్బాలో ఏసి, ఇప్పుడు అక్కడికే పోతన్నానని సెప్పడానికి నోరు రాలేదు."

డబ్బా సిస్టరుకిచ్చి వచ్చి, పక్కన కూర్చుని నేనూ కాయలు అందుకున్నాను. లోపల సిస్టరు డబ్బా తెరిచి చిల్లర కుమ్మరించిన చప్పుడైంది. మామ్మగారు తలెత్తలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్లేదాన్ని. అంతమంది మధ్య ఉన్నా ఆవిడ ఎవరితోనూ కలిసేవారు కాదు. నేను వెళ్తే మాత్రం ఆపకుండా మాట్లాడేవారు, చెల్లెలి గురించే ఎక్కువగా. సాయంత్రం నేను లేస్తుంటే, "అప్పుడేనా?" అనేవారు.

మరుసటి వేసవిలో ఆవిడ పోయారు. సమాధి దగ్గర సిస్టర్లు పాడుతుంటే, ఆ పాట రాక వెనక నిలబడ్డాను. అంతా అయ్యాక ఫాదరుగారు నా దగ్గరికి వచ్చారు.

"నువ్వు ఆవిడకేమవుతావమ్మా?"

"తెలిసినవాళ్లమండీ," అన్నాను.