కొలతమ్మ రెండు నిమిషాలు

పిల్లల ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ దగ్గర ఇరవై రెండేళ్లుగా నిలబడుతున్న నర్సమ్మకు అసలు పేరు ఒకటుంది. హాజరు పట్టీలో తప్ప అది ఇంకెక్కడా కనబడదు. అందరికీ ఆమె కొలతమ్మ.

ఆ పేరు ఊరికే రాలేదు. సీసా చేతిలో పెట్టి "ఇన్ని మిల్లీలు పోయండి" అని పంపేయడం ఆమెకు చేతకాదు. ముందు పొడి ఉన్న సీసాలో గీత దాకా కాచి చల్లార్చిన నీళ్లు పోసి, అడుగున ముద్ద మిగలకుండా కుదిపేది. తర్వాత సీసా మీది అంకెలను తల్లికి చూపించేది.

"డాక్టరుగారు రాసింది నూట యాభై మిల్లీగ్రాములు. అది అసలు మందు. అయిదు మిల్లీలీటర్ల నీళ్లమందులో అది ఎంతుందో ఇక్కడ రాశారు. ముందు ఒక్క మిల్లీలో ఎంతో తేల్చుకుందాం. మనకెన్ని మిల్లీలు కావాలో దాన్నిబట్టి అదే తెలుస్తుంది."

లెక్క తల్లి నోటితోనే చెప్పించేది. ఆపైన సూది లేని సిరంజిలోకి మంచినీళ్లు సరైన గీత దాకా లాగించి చూసేది. ఎవరైనా ఇంట్లో చెంచా ఉందంటే మాత్రం ఒప్పుకునేది కాదు. "చెంచాలు అత్తగార్ల మనసుల్లాంటివమ్మా. ఒక ఇంట్లో ఉన్నంత ఇంకో ఇంట్లో ఉండదు."

ఇదంతా మనిషికి రెండు నిమిషాలు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ మూడు వారాలు చూసింది. మంచి పిల్ల, చెయ్యి మెత్తన. వరండాలో వరుస చూస్తే మాత్రం ఆమె ప్రాణం ఉసూరుమనేది. సోమవారం పొద్దున్నే పిలిచి చెప్పింది.

"సిస్టర్, మీరు బాగా చెబుతారు, కాదనను. కానీ బయట జ్వరాల పిల్లలు నిలబడలేకపోతున్నారు. ఇవాళ్టి నుంచి లెక్క మీరే వేసి, ఎన్ని మిల్లీలో చీటీ మీద రాసిచ్చేయండి."

"అలాగేనమ్మా" అంది కొలతమ్మ. పిల్లలు నిలబడలేకపోతున్నారన్నది నిజమే కదా. అయినా కిటికీ దగ్గరికి వచ్చాక చేతులు కట్టేసినట్టయింది. ఆ రెండు నిమిషాలు పోతే తన ఉద్యోగంలో ఇక మిగిలేదేమిటో ఆమెకు అర్థం కాలేదు. దేవుణ్ణి తలచుకుని పని మొదలుపెట్టింది. వరుస చకచకా కదిలింది.

పదకొండింటికి ఒక ముసలమ్మ మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. రెండేళ్ల పిల్ల, ఒట్టి పిడుగు. పోయిన నెల ఇదే దగ్గుకు ఇదే మందు తీసుకెళ్లారు.

"పాత మందే పెద్దమ్మా, అదే నూట యాభై. పూటకు ఆరు మిల్లీలు." కొలతమ్మ చీటీ మీద ఆరు వేసి ఇచ్చింది.

ముసలమ్మ కదల్లేదు. "ఏంటమ్మాయ్, నాచేత లెక్క చేయించవా?"

"వద్దన్నారు. నేనే వేసేశాను."

"నువ్వేస్తే నాకేం తెలుస్తుంది? నేను బడి మొహం చూడనిదాన్ని. పోయిన నెల మూడుసార్లు చెప్పించావు. ఇంటికెళ్లి మా కోడలికి పాఠం చెప్పాను. ఇప్పుడు చీటీ పెట్టి పొమ్మంటావా? మిల్లీకి ఎంతో చెప్పు, పోతాను."

వెనకనుంచి ఎవరో నవ్వారు. "మామ్మా, పరీక్షకేమైనా కడుతున్నావా?"

"నీకూ పెడతాను, ఉండు నాయనా."

ఆమె మాట తీసెయ్యలేక కొలతమ్మ సీసా తిప్పి చదివింది. "అయిదు మిల్లీల్లో..." అని ఆగిపోయింది. అదే రంగు, అదే మూత, అదే పండు బొమ్మ. పోయిన నెల సీసాలో నూట ఇరవై అయిదు. శనివారం వచ్చిన ఈ కొత్త పెట్టెలో రెండు వందల యాభై.

"మిల్లీకి యాభై" అంది గొంతు తగ్గించి.

"పోయినసారి ఇరవై అయిదన్నావే." ముసలమ్మ వేళ్లు ముడవసాగింది. "యాభై, వంద, నూట యాభై. మూడేగా?"

మూడే. ఆరు పోస్తే సరిగ్గా రెట్టింపు. ఆ చిన్న పొట్ట ఏం తట్టుకుంటుంది? కొలతమ్మ చీటీ వెనక్కి తీసుకుని ఆరు కొట్టేసి మూడు వేసింది. చిట్టా తిరగేసి చూసింది. పొద్దుటినుంచి ఆ మందు ఇంకెవరికీ వెళ్లలేదు. మనసులోనే దండం పెట్టుకుంది.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఆమె ఊరుకోలేదు. "ఒక్క క్షణం ఆగండమ్మా" అని, ఆ చీటీ పట్టుకుని డాక్టరమ్మ గదిలోకి వెళ్లింది.

"డాక్టరుగారూ, తప్పు చేశాను. సీసా చూడకుండా పాత లెక్క రాసేశాను. బడికెళ్లని పెద్దమ్మ పట్టుకుంది."

డాక్టరమ్మ చీటీ అందుకుని కొట్టేసిన ఆరు చూసింది. "మిమ్మల్ని తొందరపెట్టింది నేనే కదా సిస్టర్. మీ రెండు నిమిషాలు మీరు తీసుకోండి."

"మరి వరుస?"

"నిలబడ్డవాళ్లకు కదా కష్టం. లోపలి బల్లలన్నీ వరండాలో వేయిద్దాం. కూర్చుని ఆగుతారు."

డాక్టరమ్మ ఒక బల్లకు అటు చివర తనే చెయ్యి వేసి బయటికొచ్చింది. కిటికీ దగ్గర ముసలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"వద్దన్నది నువ్వేనా తల్లీ? లెక్క వచ్చా నీకు?"

"వచ్చనుకుంటున్నాను మామ్మా."

"అయితే నీళ్లు లాగి చూపించు."

డాక్టరమ్మ సిరంజి తీసుకుని మూడో గీత దాకా లాగి ఎత్తి పట్టింది. వరండా అంతా మెడలు చాచి చూస్తోంది. ముసలమ్మ కళ్లు చికిలించింది.

"పైన బుడగుంది. మళ్లీ లాగు."