సూర్యావతి ముక్కు

క్రిస్మస్ దగ్గరపడిందంటే ప్లాంటు కాలనీలోని మరోదా సెక్టారులో పిల్లల ముక్కులన్నీ విమలకుమారి వంటింటి వైపు తిరిగేవి. సండేస్కూలు పిల్లలు రంగురంగుల ఐసింగు పూసుకోవడానికి నక్షత్రాలు, గంటలు, గొర్రెపిల్లల ఆకారంలో కుకీలు ఆమే కాల్చి ఇచ్చేది. అవి మెత్తగా ఉండాలంటే అంచులు ఎర్రబడకముందే, వెన్న కమ్మటి వాసన లేచీ లేవగానే ట్రే బయటికి లాగాలి. విమల గడియారాన్ని ఎన్నడూ నమ్మలేదు, ముక్కునే నమ్మింది.

ఆ ముక్కు కాస్తా కిందటేడు వచ్చిన జ్వరంతో పోయింది. కరివేపాకూ ఫినాయిలూ ఆమెకు ఒకటే అయిపోయాయి. ఈ సంగతి విమల కడుపులోనే దాచుకుంది. భర్త కొర్నేలి ప్లాంటులో గ్యాస్ లైన్లు చూసే మనిషి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం కాదు. తెలిస్తే ఆ పూటే కుకీల పని మాన్పించేస్తాడు. అవి లేని క్రిస్మస్‌ని తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చేది.

అందుకని పక్క క్వార్టరు సూర్యావతిని వాడుకుంది. అవును, వాడుకుంది, ఇంకో మాట లేదు. సూర్యావతి రోజూ వచ్చి గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని, కాలనీలోని కోడళ్లందరినీ తూర్పారబట్టేది. మధ్యలో ఆమె "కమ్మగొస్తంది" అనగానే విమల ట్రే లాగేసేది.

ఆ సాయంత్రం సూర్యావతి మఫ్లరు చుట్టుకుని వచ్చింది. జలుబట. విమల జాలిపడి కిటికీ మూసింది. అల్లం వేసి టీ పెట్టింది. పొయ్యికి వీపు తిప్పి, గట్టిపడిన పిండిని కర్రతో ఒత్తసాగింది. కరెంటు ఓవెన్లో కుకీల ట్రే కాలుతోంది. సూర్యావతి ఎంతకీ "కమ్మగొస్తంది" అనలేదు. ఇంకా కాలలేదు కాబోలనుకుంది విమల.

ఇంతలో కరెంటు పోయింది.

అలవాటు కొద్దీ విమల అలమారా తడిమి కొవ్వొత్తీ అగ్గిపెట్టే అందుకుంది. పుల్ల తీసి పెట్టెకు ఆనించింది. గీయబోతూ ఆగింది. పొయ్యి మీద టీ ఉంది కదా, మరి వంటింట్లో ఇంత చీకటేమిటి? మంట ఏది? టీ పొంగి మంట ఎప్పుడు ఆరిందో, గ్యాస్ ఎంతసేపటి నుంచి కారుతోందో దేవుడికే తెలియాలి.

పుల్లను పిడికిట్లో బిగించింది.

"వదినా, ఏదీ ముట్టుకోకు. బయటికి నడు."

తడుముకుంటూ పొయ్యి కట్టేసింది. కిటికీ తోసింది. అప్పుడు ఓవెన్ గుర్తొచ్చింది. కరెంటు తిరిగొచ్చిన మరుక్షణం దాని కమ్మీలు ఎర్రగా కాలతాయి. ప్రభువా ప్రభువా అనుకుంటూ దాని స్విచ్చి కట్టేసి, మెట్ల మీదికి వచ్చి పడింది.

"నాకు వాసన తెలీదొదినా. జ్వరం వచ్చినప్పటి నుంచీ."

సూర్యావతి మెల్లగా అంది:

"నాకెరికే. ఇరిగిపోయిన పాలతో టీ కాసి నాకే ఇచ్చీసినావు, మర్సిపోనావా? రోజూ ఒచ్చి ఎందుకు కూకుంటన్నాననుకున్నావు? ఇయ్యాల నా ముక్కూ మూసుకుపోనాది. ఆ మాట సెప్తే నువ్వు పని ఆపీసి దిగులెట్టుకుంతావని సెప్పలేదు."

అంత ప్రేమకు విమల పొంగిపోవాల్సింది. కానీ ఆమెకు ఒళ్లు జలదరించింది. ఒకరి కోసం ఒకరు దాచుకుని, ఇద్దరూ కలిసి ఇల్లు పేల్చుకోబోయారు.

వీధి మలుపులో కొర్నేలి స్కూటరు వినబడింది. బండి దిగి, చీకట్లో మెట్ల మీద ఏం చేస్తున్నారని అడిగాడు. కరెంటు పోయిందని చెప్పి సూర్యావతి సర్దిచెప్పబోయింది. విమల ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. రెండో చెయ్యి ఇంకా పిడికిలి బిగించే ఉంది. దాన్ని విప్పి, గీయని అగ్గిపుల్లను మొగుడి అరచేతిలో పెట్టింది.