మూడో చెరువు నుంచి వచ్చిన మెసేజ్

దెయ్యాలు, శకునాలు అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

రెండు వేల దశకం చివర్లో అంతర్వేది దగ్గర రొయ్యల చెరువుల ఆఫీసులో కంప్యూటరు పని చేసేదాన్ని. చెరువుల్లో గాలి అందించే మోటార్లు ఆగితే రొయ్యలు చచ్చిపోతాయి. అందుకని స్క్రిప్ట్ అనే చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఏ మోటారు ఆగినా అది ఒక మెసేజ్‌ని క్యూలో పెడుతుంది. రేషన్ షాపు వరుసలాగే, ముందొచ్చింది ముందు. ఇంకో ప్రోగ్రామ్ ఒక్కొక్కటీ తీసి మేనేజరు సత్యంగారి సెల్‌కి పంపుతుంది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన సెల్ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"మూడో చెరువు మోటారు ఆగిందని వచ్చిందండీ అమ్మాయిగారూ. ఆ చెరువుకి మోటారెక్కడిదండీ?"

నిజమే. రొయ్యల పట్టుబడి అయిపోయి పది రోజులైంది. నీళ్లు తీసేశారు, మోటార్లు విప్పేశారు. స్క్రిప్ట్‌లోంచి ఆ చెరువు పేరు నేనే తీసేశాను.

పాతదేదో క్యూలో ఉండిపోయిందనుకున్నాను. టైం చూస్తే రెండు నిమిషాల కిందటిది.

"ఎందుకైనా మంచిది, ఒకసారి చూసొద్దామండీ," అన్నాను.

"ఆయ్," అని ఆయన బండి తీశారు.

అన్నిటికంటే దూరం ఆ చెరువు. తూము దగ్గర గట్టు విరిగిపడి, కాపలా చూసే వీర్రాజుగారు ఛాతీ దాకా మట్టిలో కూరుకుపోయి ఉన్నారు. సముద్రం పోటు మీద ఉంది. కాలవలోంచి ఉప్పునీరు ఎక్కి ఆయన గడ్డానికి తగులుతోంది. నేను ఆయన తల పైకెత్తి పట్టుకున్నాను. సత్యంగారు కేకలేస్తూ చేతులతోనే మట్టి తోడారు. పక్క చెరువు వాళ్లు పారలతో పరిగెత్తుకొచ్చారు. నీళ్లు నా మోచేతులు దాటాక గానీ ఆయన బయటికి రాలేదు.

"చాలాసేపు కేకలేశానండీ. గొంతు పోయింది. ఇంకెవరూ రారనుకుని ఊరుకున్నాను. అప్పుడు మీ బండి చప్పుడు వినపడిందండీ," అన్నారు వీర్రాజుగారు ఆస్పత్రిలో. ఆయనకి సెల్ కూడా లేదు.

సాయంత్రం ఆఫీసుకి వచ్చి అంతా వెతికాను. క్యూలో ఆ మెసేజ్ వచ్చినట్టు నమోదై ఉంది. స్క్రిప్ట్ క్యూలో పెట్టినవాటి జాబితాలో మాత్రం లేదు.

రెండు నెలలకి వీర్రాజుగారు మళ్లీ పనిలోకి వచ్చారు. ఇప్పుడు నేను హైదరాబాదులో ఇలాంటి పనే చేస్తున్నాను. ఎవరు పంపారో తెలియని మెసేజ్‌లు చదవకుండా తీసెయ్యమంటారు ఇక్కడ. నేను ఒక్కొక్కటీ విప్పి చదువుతాను.